ఆగ్నేయ మూలలో బ్యాకప్

మా కోల్డ్ స్టోరేజీలో కంప్యూటరు కాలిపోయిన రోజున నా మొహంలో సంతోషం కనిపించిందని మేనేజరు గారు ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటారు. అది అబద్ధం. రెండేళ్లుగా ఒకే మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మనిషి, ఆ మాట కళ్ళ ముందు నిజమైతే ఎలా ఉంటాడో నేనూ అలాగే ఉన్నాను. దాన్ని సంతోషం అనడం అన్యాయం. అన్యాయాల సంగతి వచ్చింది కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

గుంటూరు దాటాక హైవే పక్కన ఉంటుంది మా కోల్డ్ స్టోరేజీ. చుట్టుపక్కల రైతులూ వ్యాపారులూ వేసవి మొదట్లో మిరపకాయలు తెచ్చి పెట్టి, అవసరమైనప్పుడు తీసుకెళ్తారు. కాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. ఒక్కో చాంబరుకి ఐదు అంతస్తులు. అంతస్తు అంటే కాంక్రీటు కాదు, చలిగాలి ఆడేలా సందులు వదిలి పరిచిన చెక్క పలకలు. వాటి మీద టిక్కీలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. ప్రతి టిక్కీ మీద లాటు నంబరు రంగుతో రాసి ఉంటుంది. కానీ తానెక్కడున్నానో టిక్కీ చెప్పదు. బస్తాలు మోసే ముఠా వాళ్ళు సరుకు లోపల పెట్టాక వాళ్ళ మేస్త్రి ఒక చీటీ మీద చాంబరు, అంతస్తు, వరస రాసి నా బల్ల మీద పడేస్తాడు. దాన్ని ఎక్కించడం నా పని. ఇరవై ఏళ్ళుగా నా పని అదే.

అందులో చాలా ఏళ్ళు రిజిస్టరులో ఎక్కించాను. అట్ట వేసిన పెద్ద పుస్తకం. ఎవరి లాటు అడిగినా అర నిమిషంలో చెప్పేవాణ్ణి. తర్వాత ఓనరు గారి బామ్మర్ది మేనేజరుగా వచ్చారు. కంప్యూటరు పెట్టించారు. మంచిదే. నేను దానికి అడ్డు చెప్పానని కూడా ఆయన ప్రచారం చేశారు, అదీ అబద్ధం. నేర్చుకుని నేనే ఎక్కించాను. "ఇంకా పుస్తకం ఎందుకండీ" అని రిజిస్టరు ఆపించారు. ఆపించి ఊరుకోలేదు. వాటర్ కూలరు ఒక కాలు పొట్టిగా ఉందని, నా చివరి రిజిస్టరును దాని కింద ఎత్తు పెట్టించారు. నేను ప్రతిరోజూ మంచినీళ్ళు తాగింది ఆ పుస్తకం ముందు నిలబడే.

కంప్యూటరు వచ్చిన నెలకే ఓనరు గారి గదికి వెళ్ళి, దీనికి ఒక కాపీ ఉండాలండీ అన్నాను. గదిలో ఓనరు గారు, మేనేజరు గారు, ఎవరో వ్యాపారి ఉన్నారు. టీ మూడు కప్పులు వచ్చింది. మేం నలుగురం.

"కొని నెల కాలేదు. అప్పుడే దాని చావు కబురు తెచ్చావేందయ్యా" అన్నారు ఓనరు గారు.

"చావు సంగతి కాదండీ. కాపీ సంగతి."

"కాస్త శుభం పలకవయ్యా."

మేనేజరు గారు టీ చప్పరిస్తూ, "కొందాం బావా. ఈయన నోరు మూయించటానికన్నా ఒక డిస్కు కొందాం" అన్నారు. వ్యాపారి నవ్వాడు. అతనికి మా వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు, అయినా నవ్వాడు.

అలా డిస్కు వచ్చింది. పట్నం నుంచి కంప్యూటర్ల షాపతను వచ్చి తగిలించి, ఏవేవో నొక్కి, "రోజూ సాయంత్రం ఐదింటికి దానంతటదే కాపీ అవుతుంది సార్" అని పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఐదయ్యేసరికి డిస్కు మీద నీలం దీపం మిణుకు మిణుకుమనేది. ఆ దీపమే మా మేనేజరు గారికి సాక్ష్యం. నేను నోరు తెరిస్తే చాలు, వేలు పెట్టి దీపం చూపించేవారు.

"ఒకసారి దాన్ని తీసి, లోపల ఏముందో చూద్దామండీ" అన్నాను ఒకరోజు.

"కాపీ అయ్యేది కాపీ అయినట్టే ఉంటుందండీ. తీసి చూడటానికి అదేమన్నా పెళ్ళి ఆల్బమా?"

ఆ తర్వాత కొన్నాళ్ళకు వాస్తు పండితుణ్ణి పిలిపించారు. ఆ ఏడు రెండు చాంబర్లు సగం ఖాళీగా ఉన్నాయి, అందుకని. ఆయన ఆఫీసంతా తిరిగి, కరెంటుతో నడిచేదేదైనా ఆగ్నేయంలో ఉండాలన్నాడు. అప్పటిదాకా కంప్యూటరు నా బల్ల దగ్గర, డిస్కు ఒక పొడుగాటి వైరుతో ఎదురు గోడ అలమరలో ఉండేవి. అలమరలో పెట్టించింది నేనే. ఇప్పుడు కంప్యూటరు, యూపీఎస్, డిస్కు మూడూ ఆగ్నేయ మూలలో ఒకే చెక్క స్టాండు మీదికి, ఒకే ప్లగ్గు బోర్డుకి చేరాయి. మూడింటికీ పసుపు కుంకుమ పెట్టారు.

"అసలూ నకలూ ఒకే చోట ఉంటే ఇంక నకలెందుకండీ" అని అడిగాను.

పండితుడు నా వైపు తిరిగి, "మీ ఇంట్లో వంటగది ఏ మూలండీ" అన్నాడు.

"వాయవ్యం."

"అదీ సంగతి" అన్నాడు. అంతే, అందరూ నవ్వారు. వాయవ్యంలో వంటగది ఉండొచ్చని వాస్తులోనే ఉందని నేను తర్వాత ఇద్దరు వేరే పండితుల్ని అడిగి తెలుసుకున్నాను. ఆ మాట వచ్చి చెబితే, "ఇంకా అక్కడే ఉన్నారా మీరు" అన్నారు మేనేజరు గారు.

ఇంకొక్క ప్రయత్నం చేశాను. వారానికి ఒకసారి ఒక కాపీ పెన్‌డ్రైవులో వేసుకుని మా ఇంటికి తీసుకెళ్తానన్నాను. ఆఫీసులో ఏం జరిగినా ఇంకొకటి ఇంకో ఊళ్ళో ఉంటుంది కదా. నా ఖర్మ, ఆ మాట అన్నది శుక్రవారం.

ఓనరు గారు చేతిలో కాగితాలు కింద పెట్టేశారు. "శుక్రవారం పూట గడప దాటిస్తానంటావేందయ్యా. ఉప్పు చింతపండు కూడా ఇవ్వం గదా ఇవాళ."

"పోనీ శనివారం తీసుకెళ్తానండీ."

"ఏ వారమైనా మన గుట్టు మన గడప లోపలే ఉండాలి. వద్దులే."

కంప్యూటరులో ఉన్నది లక్ష్మి అనుకున్నారో, గుట్టు అనుకున్నారో ఆయనకే స్పష్టంగా తెలియదు. వద్దన్నది మాత్రం స్పష్టం.

ఇక నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. అంతకు ముందు ఏడు ఒక లాటు కనపడక, తప్పు నాదేనని రైతు ముందు నన్ను కడిగేశారు. తీరా చూస్తే మేస్త్రి చీటీలోనే వరస తప్పు పడింది. చీటీ దొరికాక ఒక్కరూ వచ్చి పొరపాటన్న మాట అనలేదు. ఎక్కించిన చీటీలు వారం తిరక్కుండా చెత్తలోకి పోయేవి కాబట్టి, అప్పటినుంచి ప్రతి చీటీనీ ఎక్కించగానే నా ఫోనులో ఫోటో తీసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. అడిగిన రోజున చూపిద్దామనుకున్నాను. ఆ రోజు రావాలని కోరుకున్నానా అంటే, రాకూడదనైతే కోరుకోలేదు.

వచ్చింది. పునర్వసు కార్తె చివర, మధ్యాహ్నం మూడింటప్పుడు, వాన ఇంకా మొదలుకాకుండానే పిడుగు పడింది. ఆఫీసులో దీపాలు ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయాయి. ఆగ్నేయ మూల నుంచి ప్లాస్టిక్ కాలిన కంపు. ప్లగ్గు బోర్డు నల్లబడింది, యూపీఎస్ ఉబ్బింది, కంప్యూటరు ఎంత నొక్కినా ఉలకదు. డిస్కు మీద నీలం దీపం లేదు. నేను మేనేజరు గారి వైపు చూశాను. ఆయన ఇప్పటికీ చెప్పుకుంటున్న చూపు అదే.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. అద్దంకి అవతల పల్లె. నా ఈడే ఉంటుంది. ఏటా చివర్లో, చాలామంది సరుకు వచ్చేశాక, మూడంటే మూడు టిక్కీలు తెచ్చి పెట్టి వెళ్తుంది. అమ్మే కాయ కాదు, విత్తనపు కాయ. వాళ్ళ నాన్న నాటినుంచీ సొంతంగా ఎంచి కట్టుకుంటున్న రకం. చేలో బాగా కాసిన చెట్టు చూసి, దాని మీద బాగా పండిన కాయ చూసి ఏరుతుంది. ఆమె పోసిన నారుతోనే వాళ్ళ ఊళ్ళో, పక్క రెండు ఊళ్ళలో చాలామంది మిరప వేస్తారు. కంపెనీ విత్తనాలు కొనలేని వాళ్ళు, కొని నష్టపోయిన వాళ్ళు.

"ఆటో ఆపి వచ్చానన్నయ్యా. మూడే గదా, త్వరగా ఇప్పించండి" అంది.

"సిస్టం పోయిందమ్మా, రేపు రా" అన్నారు మేనేజరు గారు.

"సిస్టం నాకెందుకు బాబూ. నా కాయలియ్యి."

ఆవిడకు విషయం నేను చెప్పాను. టిక్కీలు లోపలే భద్రంగా ఉన్నాయని, ఎక్కడున్నాయో చెప్పేది మాత్రం కాలిపోయిందని. ఆమె చేతిసంచి బెంచీ మీద పెట్టింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఎప్పుడూ విత్తనం ఒకచోట ఉంచదట. సగం ఇక్కడ, సగం కనిగిరి వైపు ఉన్న తమ్ముడింట్లో. కానీ మొన్నటి తుఫానుకి తమ్ముడి కొట్టాం కూలి, అక్కడున్నదంతా తడిసి బూజు పట్టింది. ఇప్పుడు ఆ రకం విత్తనం లోకం మొత్తం మీద ఉన్నది మా చాంబర్లలోని ఆ మూడు టిక్కీల్లోనే. పుష్యమి కార్తె వెళ్ళేలోగా నారు పోయకపోతే ఈ ఏటికి నారు లేదు. పాత విత్తనం వచ్చే ఏటికి మొలుస్తుందన్న నమ్మకమూ లేదు.

"ఇంకా రెండు వారాలుంది. దొరుకుతాయిలే అన్నయ్యా" అని నాకే ధైర్యం చెప్పి బెంచీ మీద కూర్చుంది.

మేనేజరు గారు ముందు సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోను చేశారు. అందరికీ వినిపించాలని స్పీకరు పెట్టారు. ఏటా వాళ్ళకు కడుతున్నాం కాబట్టి మన సమాచారమంతా వాళ్ళ దగ్గర కూడా ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "మేం సాఫ్ట్‌వేరు మాత్రమే ఇస్తామండీ. డేటా మీ సిస్టంలోనే ఉంటుంది. బ్యాకప్ తీసుకోమని ప్రతిసారీ స్క్రీను మీద వస్తుంది కదండీ." వస్తుంది. వచ్చినప్పుడల్లా మేనేజరు గారు దాన్ని మూసేయమనేవారు.

షాపతను మధ్యాహ్నానికి వచ్చాడు. కంప్యూటరు లోపలి డిస్కు పోయిందన్నాడు, హైదరాబాదు పంపిస్తే ప్రయత్నిస్తారు, నెలలు పట్టొచ్చు, రావచ్చు, రాకపోవచ్చు. తర్వాత ఆ రెండో డిస్కు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దీని అడాప్టరే పోయింది సార్. డిస్కు బానే ఉన్నట్టుంది." సంచిలోంచి వేరే అడాప్టరు తీసి తగిలించాడు. నీలం దీపం వెలిగింది.

ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. మేనేజరు గారు నా కళ్ళలోకి చూసి, "ఆగ్నేయమండీ. కాపాడింది" అన్నారు. నేను అంత అవమానాన్ని కూడా భరించడానికి సిద్ధపడ్డాను, ఆవిడ కాయలు దొరుకుతాయి కదా అని.

షాపతను తన ల్యాప్‌టాపులో డిస్కు తెరిచాడు. రోజుకొక ఫోల్డరు, రెండేళ్ళ ఫోల్డర్లు, తేదీలతో సహా వరసగా. అన్నిటికన్నా చివరిది తెరిచాడు. అందులో మూడే ఉన్నాయి. సాఫ్ట్‌వేరు బొమ్మ ఒకటి, పేకాట బొమ్మ ఒకటి, తెర మీద పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి ఫోటో ఒకటి. దాని ముందు రోజుది తెరిచాడు. అవే మూడు. నెల కిందటిదీ అంతే.

"డెస్క్‌టాప్ ఫోల్డరే సెలెక్టయింది సార్" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉందిగా మరి. ఆ బొమ్మ నొక్కు, తెరుచుకుంటుంది" అన్నారు మేనేజరు గారు.

"అది బొమ్మే సార్. లోపల ఏమీ ఉండదు. లాట్ల డేటా సీ డ్రైవులో ఎక్కడో ఉంటుంది. అది దీంట్లోకి రాలేదు."

రెండేళ్ళపాటు, ఆదివారాలు కూడా మానకుండా, సాయంత్రం ఐదింటికి మేము స్వామివారి ఫోటోని దాచుకున్నాం. ఓనరు గారు దండం పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

బెంచీ మీదున్న ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. "దాచాక ఒక్కసారన్నా తీసి చూసుకోలా" అని అడిగింది.

"రోజూ లైటు వెలుగుతూనే ఉందమ్మా" అన్నారు మేనేజరు గారు.

"లైటు వెలిగితే మొలకొచ్చినట్టా బాబూ. నేను దాచే ముందు గుప్పెడు తడిగుడ్డలో కట్టి చూస్తా, తీశాక మళ్ళీ చూస్తా. ఇంత పెద్ద కంపెనీ, మీకెవరూ చెప్పలా?"

నేను చెప్పాను. రెండేళ్ళుగా చెప్పాను. ఇక ఆగలేకపోయాను. లేచి నిలబడి, "ఎవరి దగ్గరా లేకపోయినా నా దగ్గర ఉన్నాయి" అన్నాను. ఓనరు గారిని కూడా బయటికి పిలవమన్నాను. ఆయన వచ్చేదాకా ఆగాను. ఫోను తీసి బల్ల మీద పెట్టి, ప్రతి చీటీకీ ఫోటో ఉందని, ఏడాదికి పైగా నా జాగ్రత్త ఇదని చెప్పి, ఫోటోలు తెరిచాను.

మే నెల నుంచీ చీటీలున్నాయి. అంతకు ముందువి లేవు.

నాకు తెలుసు ఏం జరిగిందో. ఏప్రిల్ ఆఖర్లో ఫోను నిండిపోయింది. శుభోదయాలూ, పండగ శుభాకాంక్షలూ, పెళ్ళి వీడియోలూ. కొత్త చీటీ తీయబోతే చోటు లేదంది. పాత ఫోటోలన్నీ పైన క్లౌడులో ఉంటాయని మా అల్లుడు ఎప్పుడో చెప్పాడు. పైన ఉన్నప్పుడు కింద ఎందుకని, అన్నీ ఎంచి ఒక్క దెబ్బకు తీసేశాను. ఆవిడ టిక్కీలు పెట్టింది ఏప్రిల్ మూడో వారం.

"పైన ఉంటాయి, చూడు" అని ఫోను షాపతనికిచ్చాను.

అతను చూశాడు. "పైన ఉండేది కింద ఉన్నదానికి అద్దం లాంటిది సార్. మీరిక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్ళుంటాయి, ఆ గడువు కూడా దాటిపోయింది."

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ణి. మేనేజరు గారు నెమ్మదిగా, "గుమాస్తా గారికి టీ పంపించండి" అన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ ఆఫీసులో నాకు అడగకుండా వచ్చిన టీ అదొక్కటే. తాగలేదు.

ఇక మిగిలింది ఒళ్ళు వంచి వెతకడం. మేస్త్రిని పిలిచి అడిగాను. ఆయన తల గోక్కున్నాడు.

"రెండొందల టిక్కీల లాటైతే కళ్ళు మూసుకుని చూపిస్తానండీ. మూడు టిక్కీలు ఎక్కడ గుర్తుంటాయి గుమాస్తా గారూ. ఎక్కడ సందుంటే అక్కడ ఇరికిస్తాం."

"చిన్న లాటుకి విలువ లేదా ఏంది" అందావిడ.

"విలువ లేదన్లేదమ్మా, చోటు లేదన్నా. కోప్పడకు, నువ్వూ రా. నీ కాయ నీకే తెలుస్తుంది."

ఆమె వచ్చింది. రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, చీర మీద భర్త స్వెట్టరు తొడుక్కుని, దాని మీద గోనె పట్టా కప్పుకుని మాతోపాటు లోపలికి నడిచేది. లోపల ఊపిరి పొగలా కనపడేంత చలి. టిక్కీ కదిలిస్తే చాలు ఘాటు ముక్కుకెక్కి ముఠా అంతా తుమ్ములు. ముందు వరసలు దించితే గానీ వెనక వరస నంబర్లు కనపడవు. దించినవి మళ్ళీ పేర్చాలి. అన్ని చాంబర్లూ, అన్ని అంతస్తులూ. టార్చి పట్టుకుని ఒక్కో నంబరు చదివి, ఈసారి పుస్తకంలో రాయడం నా వంతు. కొత్త రిజిస్టరు నా డబ్బుతో కొన్నాను. అడగలేదు, అడిగితే ఏం వింటానో తెలుసు.

మొదటి రోజు లేవు. రెండో రోజూ లేవు. మూడో రోజు సాయంత్రం ఆమె నిచ్చెన దిగుతూ, "పోనీ వేరే విత్తనం కొనుక్కోమ్మా అని ఒక్కరు కూడా అన్లేదు మీరు. అదొకటి మంచిది" అంది. ఆ మాట అనబోయి మేనేజరు గారు అప్పటికి రెండుసార్లు ఆగిపోవడం నేను చూశాను.

నాలుగో రోజు పదింటప్పుడు, రెండో చాంబరు మూడో అంతస్తులో స్తంభం వెనకాల దొరికాయి. ఒక వ్యాపారి సరుకు ముందు పేర్చేయడంతో పూర్తిగా కప్పబడిపోయాయి. నంబరు చదవక ముందే ఆమె కుట్టు చూసి గుర్తుపట్టింది. మేస్త్రి మూడింటినీ తనే భుజాన వేసుకుని కిందికి దించాడు, ఇంకెవరినీ పట్టుకోనివ్వలేదు.

ఇక్కడిదాకా వచ్చిన కథ ఇక్కడ ఆగాల్సింది. ఆటో మధ్యాహ్నం గానీ రాదంది. టిక్కీల్ని లోపలి వరండాలో, చలి కొంచెం కొంచెంగా వదిలే చోట పెట్టించి, ఆమె నాలుగు రోజుల తర్వాత స్థిమితంగా భోజనానికి వెళ్ళింది. "చూస్తుండన్నయ్యా" అని నాకు చెప్పి వెళ్ళింది. చూస్తానన్నాను.

చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని ఓనరు గారికి ఉత్తరం రాస్తున్నాను. డిస్కు సంగతి, వాస్తు సంగతి, వాటర్ కూలరు కింద రిజిస్టరు సంగతి, మేనేజరు గారు ఏ రోజు ఏమన్నారో, మాటతో సహా. మూడు పేజీలయింది. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఆ గంటలో వరండాలోకి లారీ వెనక్కి రావాల్సి ఉందని మేనేజరు గారు టిక్కీల్ని బయటి అరుగు మీద పెట్టించారు. పైన రేకు ఉంది కానీ వాన గాలి ఉంది. చల్లటి టిక్కీలు ఆ ఉక్కలో పడేసరికి చెమట పట్టినట్టు గోనెంతా తడిసిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు. కాయకి అలా చెమ్మ తగలడం మంచిది కాదని మా దగ్గర పనిచేసే ఎవరికైనా తెలుసు. నాకు బాగా తెలుసు.

ఆమె వచ్చి ఒక టిక్కీ మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తీసి అరచెయ్యి చూసుకుంది. ఒక కాయ విరిచి గింజలు రాల్చి, కొంగు చివర మూట కట్టుకుంది.

"ఇంటికెళ్ళి నీడన ఆరబోస్తా. మొలక చూశాక తెలుస్తుంది" అని ఆటో ఎక్కింది.

ఉత్తరం ఓనరు గారికి ఇవ్వలేదు. ఇవ్వలేక కాదు. ఆ మూడు పేజీల్లో అరుగు మీది టిక్కీల సంగతి లేదు. అది కలిపితే చివరి పేజీ నా మీదికి వచ్చేది, అది కలపకుండా ఇస్తే మేనేజరు గారికీ నాకూ తేడా ఉండేది కాదు.

ఆమె టిక్కీలు తీసుకెళ్ళిన తొమ్మిదో రోజున సెలవు పెట్టి బండి మీద ఆమె ఊరు వెళ్ళాను. అద్దంకి దాటాక మెత్తటి తుంపర. ఆమె ఇంటి పక్కనే ఉన్న చిన్న మడిలో వంగి పనిలో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మట్టి చేతుల్తోనే చూరు కింద వేలాడుతున్న తడిగుడ్డ మూట తెచ్చి విప్పింది. తెల్లటి మొలకలు. కొన్ని గింజలు మాత్రం అలాగే పసుపుగా పడి ఉన్నాయి.

"ఏటా పదికి తొమ్మిదొచ్చేవి. ఇప్పుడు ఆరు" అంది. "ఒత్తుగా చల్లాలి. మా ఊరికి సరిపోతుంది. పక్క ఊళ్ళ వాళ్ళకి ఈ ఏడు లేదని చెప్పా."

"నేను చూస్తానన్నాను. చూడలేదు" అన్నాను.

"తెలుసన్నయ్యా. లోపలికొచ్చినప్పుడు రాసుకుంటున్నారు, పిలిస్తే వినపడలా."

క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. నాకు తిట్లతో అలవాటుంది. ఈ పద్ధతి అలవాటు లేదు. ఏదో ఒకటి అనాలని, ఇప్పుడు మళ్ళీ అంతా పుస్తకంలో ఎక్కిస్తున్నానని, కొత్త కంప్యూటరు వచ్చిందని, దాని కాపీని వారానికోసారి మేనేజరు గారి ఎదుటే తెరిపించి ఐదు లాట్లు చదివించుకుంటున్నానని, తెరిచేదాకా కుర్చీలోంచి లేవడం లేదని చెప్పాను. ఓనరు గారు ఒప్పుకున్నాక పెన్‌డ్రైవు కూడా ఇప్పుడు మా ఇంటికి వస్తోంది, శుక్రవారం తప్పించి. విన్నది.

"వచ్చే ఏడు మా దగ్గర పెడతావామ్మా" అని అడిగాను.

"ఎందుకు పెట్టను. కాయ పెడతా" అంది. "విత్తనం పెట్టను."

ఆమె మొలకెత్తిన గింజల గుడ్డ పట్టుకుని మడిలోకి దిగి, నా వైపు చూడకుండానే అంది.

"కాస్త అటు జరగండన్నయ్యా. చల్లిన చోట నిలబడ్డారు."

జరిగాను.